గట్టు కింద కడప బండలు పగలగొట్టే ముందు: పాత వంటగదికి మూడు రకాల మాడ్యులర్ పని

వంటగది మార్పించుకుందామని మాడ్యులర్ షోరూంకి వెళ్తే మొదట వినబడే మాట ఇది: "గట్టు కింద బండలన్నీ తీయించేయండి, మేం వచ్చి బాక్సులు దించేస్తాం." పాతికేళ్ల కిందటి ఇళ్లలో గ్రానైట్ గట్టు కింద నిలువుగా కడప బండలు, మధ్యలో ఒక అడ్డబండ, ముందు ఒక కర్టెనో పాత అల్యూమినియం తలుపో ఉంటాయి. వాటిని తీయించాలా, ఉంచుకుని పైపని చేయించుకోవాలా అన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఈ బండల మధ్య గళ్లు బాగుంటే తీయించకండి. కొత్త పెట్టెలకి పెట్టే డబ్బు సొరుగులకీ హింజ్‌లకీ పెట్టండి.

మేం పోల్చి చూసినవి మూడు. ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించే పూర్తి మాడ్యులర్ ఒకటి. కార్పెంటర్ ఇంటికొచ్చి ప్లైవుడ్ కోసి చేసేది రెండోది. ఉన్న బండల గళ్లకే లోపల సొరుగులు, ముందు తలుపులు బిగించేది మూడోది. దీన్ని కొందరు సెమీ మాడ్యులర్ అంటారు. మూడింటినీ ఒకే గీటురాయి మీద చూశాం: రెండు పూటలా పోపు పెట్టే, వారానికోసారైనా బక్కెట్‌తో నీళ్లు పోసి నేల కడిగే, 26 కిలోల బియ్యం బస్తా దించే తెలుగు వంటింట్లో ఏది నిలుస్తుంది?

ఫ్యాక్టరీ మాడ్యులర్: పైన పది, లోపల ఆరు

కోత, అంచు, అమరిక విషయంలో దీనికి సాటి లేదు. బోర్డు మెషీన్ మీద కోస్తారు, అంచు పట్టీ వేడి జిగురుతో ఒత్తి అతికిస్తారు, తలుపుల మధ్య సందు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. ఇంట్లో దుమ్ము లేదు, బిగింపు రెండు మూడు రోజుల్లో అయిపోతుంది.

మార్కులు పోయేది లోపలి పెట్టె దగ్గర. ప్యాకేజీ ధర ఆకర్షణీయంగా ఉందంటే ఆ పెట్టె చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డుదో, చెక్క పీచు అదిమి చేసే మామూలు ఎండీఎఫ్‌దో అయ్యే అవకాశం ఎక్కువ. రెండు వైపులా తెల్ల లామినేట్ ఉంటుంది కనుక పైకి తేడా తెలియదు. షోరూంలో తలుపు తెరిచి, అరని మోసే చిన్న పిన్ను ఒకటి బయటికి లాగి, ఆ రంధ్రంలోకి ఫోన్ లైటు వేసి చూడండి. పొరలు కనబడితే ప్లైవుడ్. పొట్టు అదిమినట్టు గరుకుగా ఉంటే పార్టికల్ బోర్డు. నున్నగా, గట్టి అట్టలా ఉంటే ఎండీఎఫ్ జాతి. సేల్స్‌మన్ ముఖం చిట్లించినా ఫరవాలేదు, ఈ ఒక్క చూపు బ్రోచర్ మొత్తం కంటే విలువైనది.

పార్టికల్ బోర్డు నీళ్లలో మునగనక్కర్లేదు. సింకు కింద నీళ్లు పోయే పైపుకి ఉండే సీసాలాంటి బాటిల్ ట్రాప్ దగ్గర చుక్క చుక్కగా కారినా చాలు. పైపు కోసం కోసిన రంధ్రం అంచుకి పట్టీ ఉండదు, తడి అక్కడి నుంచి లోపలికి పాకుతుంది. ఒకసారి ఉబ్బిన అంచు ఎండినా మళ్లీ దిగదు. తర్వాత పెట్టె కింది కాళ్ల స్క్రూలు వదులవుతాయి, పెట్టె ఓ పక్కకి ఒరుగుతుంది, తలుపులు ఒకదానికొకటి రాసుకుంటాయి. హింజ్ పట్టు తప్పితే మళ్లీ బిగించినా అదే రంధ్రంలో స్క్రూ నిలవదు. వారంటీ ఉంది కదా అనుకుంటే కాగితం వెనక్కి తిప్పి చదవండి. నీటి వల్ల వచ్చే నష్టం వర్తించదు అనే వాక్యం చాలా వాటిలో ఉంటుంది. వంటగదిలో ఇంకేం వల్ల పాడవుతుందో వాళ్లే చెప్పాలి.

ఫ్యాక్టరీ పనే కావాలనుకుంటే కొటేషన్‌లో రెండు మాటలు రాయించుకోండి: కింది పెట్టెలన్నీ ఐఎస్ 710 ప్లైవుడ్, ప్రతి ముక్కకీ నాలుగు అంచులా పట్టీ. ఐఎస్ 710 అంటే మెరైన్ గ్రేడ్. ఆ ప్రమాణంలో ముక్కని 72 గంటలు మరిగే నీళ్ల పరీక్షకి పెడతారు, పొర విడకూడదు. అంగట్లో బీడబ్ల్యూపీ అనేది దీన్నే. ఎంఆర్ అని ఉన్నది తేమకి మాత్రమే, నీళ్లకి కాదు. అది బెడ్‌రూం వార్డ్‌రోబ్‌కి సరిపోతుంది, సింకు దగ్గరికి తేవద్దు. షీటు మీద ఐఎస్ఐ ముద్ర పక్కన సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్స్ ఎవరిదో, ఏ వస్తువుకో తేలిపోతుంది. నంబరు లేని ముద్ర రబ్బరు స్టాంపుతో సమానం.

రేటు ఎలా కొలుస్తున్నారో అడగండి

ధరల దగ్గర ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చదరపు అడుగు అన్న మాట ఇద్దరు చెప్తే రెండు అర్థాలు. ఒకరు ముందు నుంచి కనబడే కొలత మాత్రమే లెక్కేస్తారు. ఇంకొకరు వాడిన ప్రతి పలకా కొలుస్తారు.

3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, 22 అంగుళాల లోతు ఉన్న ఒక కింది పెట్టె తీసుకుందాం. ముందు నుంచి చూస్తే 7.5 చదరపు అడుగులు. పలకలన్నీ కలిపితే పక్కలు రెండూ 9, అడుగుభాగం 5.5, మధ్య అర 5.5, వెనక 7.5, తలుపులు 7.5, వెరసి 35. అంటే దాదాపు అయిదు రెట్లు. మాటవరసకి ముందు కొలతకి 1,400 చెప్పినవాడి దగ్గర ఈ పెట్టె 10,500. పలక కొలతకి 350 మాత్రమే అన్నవాడి దగ్గర 12,250. చవగ్గా వినబడిందే ఖరీదు. కాబట్టి రేట్లు పోల్చొద్దు. ఒకే బొమ్మ ఇద్దరికీ ఇచ్చి మొత్తం అడగండి. హింజ్‌లు, సొరుగులు జారే చానెళ్లు, హ్యాండిళ్లు, బాస్కెట్లు అందులో ఉన్నాయా లేదా అన్నది విడిగా రాయించుకోండి. ఆఖరి బిల్లు పెరిగేది ఎప్పుడూ వీటితోనే.

కార్పెంటర్ పని: గోడ వంకరకి సరిపోతుంది, అంచు దగ్గర ఓడిపోతుంది

పాత ఇంటి గోడ ఏదీ నిటారుగా ఉండదు. ఆ వంకరని చూసి కోసుకోగలిగేది ఇంటికొచ్చి పనిచేసే కార్పెంటరే. ప్లైవుడ్ మీరే కొనివ్వొచ్చు కనుక లోపలి సరుకు మీద అనుమానం ఉండదు.

అయితే లామినేట్‌ని చేత్తో జిగురు పూసి, బరువులు పెట్టి అతికిస్తారు. పొద్దున అతికించిన పలకని మధ్యాహ్నానికే కోస్తే అంచుల దగ్గర బుడగలు లేస్తాయి. కనీసం ఒక రాత్రి బరువు కింద ఉండనివ్వాలి. ఇంకో గొడవ అంచు పట్టీ. చేత్తో అతికించిన పీవీసీ పట్టీ పొయ్యి వేడికి, తడిగుడ్డ తుడుపుకి మూలల దగ్గర ముందు లేస్తుంది. దీనికి మధ్యేమార్గం ఉంది. పెద్ద ఊళ్లలో ప్లైవుడ్ దుకాణాల దగ్గరే కొలతల జాబితా ఇస్తే ప్యానెల్ సా మీద కోసి, మెషీన్‌తో అంచు పట్టీ వేసి ఇచ్చేవాళ్లున్నారు. పలకలు అక్కడ చేయించి, బిగింపు మాత్రం మీ కార్పెంటర్‌తో చేయిస్తే రెండింట్లోని మంచీ వస్తుంది. ఇలా చేస్తే పదికి ఎనిమిది ఇస్తాం. పూర్తిగా ఇంట్లోనే కోస్తే ఆరున్నర.

బండల గళ్లకే తలుపులూ సొరుగులూ

ఇప్పుడు అసలు విషయం. కడప బండ సున్నపురాయి జాతి. బేతంచర్ల, తాడిపత్రి, కడప చుట్టుపక్కల నుంచి వచ్చిన ఈ పలకలు తెలుగు వంటిళ్లలో ఎంతకాలంగానో బరువులు మోస్తున్నాయి. చెదలు పట్టవు, ఉబ్బవు, సిలిండర్ గీసుకున్నా చెక్కు చెదరవు, నేల కడిగిన నీళ్లు కిందికి పోయినా భయం లేదు. ఈ గుణాలున్న పెట్టె కొత్తగా కొనాలంటే మెరైన్ ప్లై పెట్టెల రేటు కట్టాలి. ఉన్నదాన్ని కూలీ ఇచ్చి పగలగొట్టి ఆ రేటు కట్టడం మాకు మింగుడుపడని సంగతి. పైగా ఆ నిలువు బండలు గట్టుని మోస్తున్నాయి. 20 మి.మీ. గ్రానైట్ కింద ఆసరా తీసేస్తే సింకు కోత దగ్గరో, పొయ్యి కోత దగ్గరో పగులు వస్తుంది. ఆ రెండు చోట్లే రాయి సన్నగా మిగిలేది.

లోపాలు లేకపోలేదు. సున్నపురాయి కాబట్టి యాసిడ్ తగిలితే తెల్ల మచ్చలు పడతాయి. బాత్రూం యాసిడ్‌తో గళ్లు కడిగే అలవాటుంటే ఇప్పుడే మానేయండి. పాలిష్ లేని వైపు గరుకుగా ఉండి పిండి, దుమ్ము పట్టేస్తుంది. బండకీ గోడకీ మధ్య సందులో బొద్దింకలు కాపురం పెడతాయి. ఇంతకంటే పెద్దది ఇంకోటుంది: ఏ రెండు గళ్ల కొలతా ఒకటి కాదు. ఒకే గడి పైన 24 అంగుళాలుంటే కింద 23 ముప్పావు ఉంటుంది. సొరుగు చానెల్‌కి ఇది చెల్లదు. రెండు పక్కలూ సమాంతరంగా లేకపోతే సొరుగు సగం దాకా వచ్చి బిగుసుకుంటుంది, లేదా తోసిన ప్రతిసారీ కిర్రుమంటుంది.

అందుకే పని ఇలా సాగాలి. ముందు గళ్లు ఖాళీ చేసి కడిగి, రెండు రోజులు ఆరనివ్వాలి. సందులు తెల్లసిమెంటుతోనో సిలికాన్‌తోనో మూయించాలి. గరుకు వైపు ఎనామెల్ పెయింట్ ఒక చేయి వేస్తే తుడవడం తేలిక. ఆ తర్వాత ప్రతి గడినీ వెడల్పు మూడు చోట్ల (పైన, మధ్య, కింద), లోతు రెండు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నేల టైల్స్ కూడా మారుస్తున్నట్టయితే ఈ కొలతలు టైల్స్ అయ్యాకే. పాత టైల్ మీద కొత్త టైల్ వేస్తే నేల సుమారు 12 నుంచి 15 మి.మీ. లేస్తుంది. ముందే కొలిచి చేసిన తలుపు కింద రాసుకుంటుంది. కార్పెంటర్ ఖాళీగా ఉన్నాడని ముందు కొలిపించడం ఈ పనిలో అందరూ చేసే తొందరపాటు.

సొరుగులు కావాల్సిన గళ్లలో రెండు పక్కల బండలకీ 18 మి.మీ. మెరైన్ ప్లై పలకలు బిగించాలి. బండ వంకరని ఈ పలకలు సరిచేస్తాయి. వెనక సన్నని ప్యాకింగ్ ముక్కలు పెట్టి, రెండు పలకలూ ముందూ వెనకా ఒకే దూరం వచ్చేదాకా సర్దాలి. 1 మి.మీ. తేడా వరకూ చానెల్ ఓర్చుకుంటుంది. పలకల కింది అంచు నేలకి ఆనకుండా పది మి.మీ. ఎత్తులో ఉండాలి. నేలకి తాకిన ప్లై, ఏ గ్రేడ్ అయినా, కిందినుంచి తడి పీలుస్తుంది.

బండకి రంధ్రం వేసేటప్పుడు డ్రిల్ మెషీన్‌లో హ్యామర్ మీట ఆపేయించండి. సుత్తి దెబ్బకి కడప బండ పొరలుగా ఊడుతుంది, అంచు దగ్గరైతే ముక్క లేచిపోతుంది. మామూలు తిప్పుడుతో, డైమండ్ బిట్‌తో, కొంచెం నీళ్లు చల్లుతూ వేయాలి. అంచు నుంచి 40 మి.మీ. లోపలికి ఉండాలి. పలచటి నిలువు బండకి ఇంత జాగ్రత్త తప్పనిసరి. స్క్రూలతో పాటు పలక వెనక రెండు చారల జిగురు కూడా ఉంటే బరువు ఒకేచోట పడదు.

ఇక లెక్క. గడి 24 అంగుళాలు అంటే 610 మి.మీ. పలకలు రెండూ కలిపి 36 పోతే 574. టెలిస్కోపిక్ చానెల్‌కి ఒక్కో పక్క అరంగుళం కావాలి, రెండు పక్కలకీ కలిపి 26 వదిలితే సొరుగు బయటి కొలత 548. ఇది చక్కటి సొరుగే. అదే గడి 15 అంగుళాలైతే మిగిలేది 319. అందులో ఒక్క వరుస డబ్బాలు తప్ప పట్టవు. అలాంటి ఇరుకు గళ్లకి సొరుగు మానేసి, నూనె సీసాలు పెట్టుకునే పుల్‌అవుట్ గానీ, ఊరికే తలుపు గానీ పెట్టుకోండి.

తలుపుల హింజ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, దీన్ని కార్పెంటర్‌కి ముందే గీసి చూపించాలి. రెండు గళ్ల మధ్య బండ 30 మి.మీ., దానికి రెండు వైపులా ప్లై 18 చొప్పున, మొత్తం 66 మి.మీ. మందం. తలుపు గడి అంచు మీదికి వచ్చి మూసుకునే మామూలు ఫుల్ ఓవర్‌లే హింజ్‌తో ఒక్కో తలుపు తన ప్లై అంచుని సుమారు 16 మి.మీ. కప్పుతుంది. మధ్యలో 34 మి.మీ. బండ అంచు బయటికి కనబడుతూ ఉండిపోతుంది. దాన్ని తలుపు రంగు పట్టీతో మూయాలి, లేదంటే పని సగంలో ఆపినట్టు ఉంటుంది. కొందరు తలుపుని గడి లోపలికే కూర్చోబెడతారు. చూడ్డానికి బాగుంటుంది కానీ దానికి హింజ్ వేరే రకం, మెడ బాగా వంగినది కావాలి. ఓవర్‌లే హింజ్ తెచ్చి లోపలి తలుపుకి బిగించబోతే తలుపు మూతపడదు. పైగా గడి వంకర మొత్తం తలుపు చుట్టూ ఉన్న సందులో బయటపడుతుంది. పాత బండలకి ఓవర్‌లే తలుపే నయం, అది వంకరని కప్పేస్తుంది.

హింజ్‌ల్లో హెట్టిచ్, హెఫెలె, ఎబ్కో లాంటివి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, బ్లమ్ కొంచెం ఖరీదు. మూడడుగుల లోపు తలుపుకి రెండు హింజ్‌లు, అంతకు మించితే మూడు. సాఫ్ట్ క్లోజ్ అనేది సోకు అనుకోకండి. రోజుకి ఎన్నోసార్లు ఢబీమని కొట్టుకునే తలుపుకి ముందు లామినేట్ అంచు లేస్తుంది, తర్వాత స్క్రూ వదులవుతుంది. ఆ దెబ్బ ఆపేది సాఫ్ట్ క్లోజే.

ఏ సొరుగులో ఏం పెడతారో ముందే అనుకుంటే ఎత్తులు తేలిగ్గా కుదురుతాయి. మూడు వరుసలైతే పైది 6 అంగుళాలు: గరిటెలు, అట్లకాడ, పోపు డబ్బా. మధ్యది 8 నుంచి 9: కంచాలు, గిన్నెలు. కిందిది 12: అయిదు లీటర్ల కుక్కర్, బాణళ్లు మూతలతో సహా. ఇడ్లీ పాత్ర కొలిచి చూసుకోండి, అది ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎత్తే. 45 మి.మీ. వెడల్పు టెలిస్కోపిక్ చానెల్ మీద జతకి 35 నుంచి 45 కిలోలు అని రాసి ఉంటుంది. గ్రానైట్ పొత్రం, ఇత్తడి గిన్నెలు, కుక్కర్లు అన్నీ ఒకే సొరుగులో వేస్తే ఆ లెక్క దాటడం ఎంతసేపు? బియ్యం బస్తాకి సొరుగు వద్దే వద్దు. అడ్డబండ కింది గడిలో చక్రాల స్టాండు మీద డ్రమ్ము ఉంచండి.

గ్రైండర్ గురించి ఒక మాట. టిల్టింగ్ గ్రైండర్‌ని గట్టు మీదే శాశ్వతంగా ఉంచేవాళ్లకి చింత లేదు. వాడినప్పుడల్లా దించే వాళ్లయితే దాన్ని కింద దాచి పైకి లేపే స్ప్రింగ్ షెల్ఫులు అమ్ముతున్నారు. వాటి మీద బరువు పరిమితి చదివి, రాళ్లతో సహా మీ గ్రైండర్ బరువు తూచి, అప్పుడు కొనండి.

సిలిండర్ గడి, సింకు గడి

ఈ రెండింట్లో ప్లై అస్సలు పెట్టకండి. వట్టి బండ ఉంటే చాలు.

14.2 కిలోల సిలిండర్ నిండుగా ఉంటే మొత్తం 30 కిలోల దాకా తూగుతుంది. ఆ గడిలో కింద బండ తీసేసి నేల మట్టంగా ఉంచితే ట్రాలీ చక్రాల మీద లోపలికి తోసేయొచ్చు. వెడల్పు 16 అంగుళాలు, ఎత్తు 28 ఉంటే రెగ్యులేటర్ తిప్పడానికి చెయ్యి పడుతుంది. తలుపుకి కింది భాగంలో జాలీ తప్పనిసరి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల దగ్గరే పరుచుకుంటుంది. జాలీ పైన పెట్టి కింద బిగించేసిన తలుపులు షోరూముల్లోనూ కనబడుతున్నాయి. అది అందానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పక్క బండలో పైపు కోసం వేసిన రంధ్రానికి రబ్బరు బుష్ ఉండాలి, లేకపోతే రాయి అంచు సురక్ష గొట్టాన్ని కోస్తుంది. ఆ గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి. సొరుగు వెనక నుంచి, కంటికి కనబడకుండా తిప్పి తీసుకెళ్లొద్దు. దూరం ఎక్కువైతే గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌తో రాగి పైపు వేయించడమే.

సింకు గడికి తలుపు మాత్రం అల్యూమినియం ఫ్రేముకి గానీ చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ ఫ్రేముకి గానీ వేలాడదీయండి. డబ్ల్యూపీసీ నీళ్లకి చెక్కుచెదరదు. పొయ్యి పక్కన వేడికి మెత్తబడి వంగుతుంది, పొడవైన అరగా వేస్తే మధ్యలో కుంగుతుంది. ఇంటి మొత్తానికీ అదే వేయిద్దాం అనే సలహా వినొద్దు.

సింకు స్టీలు 304 గ్రేడ్ అయి ఉండాలి. అయస్కాంతం పెట్టి చూడమని దుకాణంలో చెప్తారు. చవకరకం 202 కూడా అయస్కాంతానికి దాదాపు పట్టదు, కాబట్టి ఆ పరీక్షతో తేలేదేమీ లేదు. బిల్లు మీద గ్రేడు, మందం రాయించుకోవడమే దారి. కనీసం 1 మి.మీ. మందం, 9 అంగుళాల లోతు ఉంటే కుళాయి కింద కుక్కర్ పెట్టి కడుక్కోవచ్చు. అంతకంటే లోతైతే సింకు అడుగు కిందికి పోయి నడుం వంగుతుంది.

తలుపు పైపూత, గట్టు, చిమ్నీ

తలుపులకి 1 మి.మీ. మ్యాట్ లామినేట్, మామూలు హ్యాండిల్. ఇదే మా ఎంపిక, రెండో ఆలోచన లేదు. అక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, నూనె వేళ్ల ముద్ర కూడా అంతే బాగా కనబడుతుంది, గీత పడితే దాగదు. పలచటి ప్లాస్టిక్ పొర అతికించిన మెంబ్రేన్ తలుపులు పొయ్యికి దగ్గరగా ఉంటే వేడికి పైపొర లేస్తుంది. హ్యాండిల్ లేకుండా గాడి మాత్రమే ఉండే రకం బొమ్మల్లో అందం. చపాతీ పిండి, పోపు నూనె కలిసి ఆ గాడిలో గట్టిపడ్డాక టూత్‌బ్రష్‌తో గీకాలి.

గట్టు రాయి పగలకుండా ఉంటే దాన్నీ ఉంచేయండి. మార్చాల్సి వస్తే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గానీ, మరకలు దాచే బూడిదరంగు స్టీల్ గ్రే గానీ. తెల్ల క్వార్ట్జ్ మీద మనసు పడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్. పొయ్యి మీంచి దించిన బాణలి నేరుగా పెడితే మచ్చ శాశ్వతం. పసుపు కూడా వెంటనే తుడవకపోతే నీడలా మిగులుతుంది. గ్రానైట్‌కి ఈ రెండు బాధలూ లేవు. ఎత్తు విషయానికొస్తే, నిలబడి మోచెయ్యి వంచినప్పుడు దాని కిందికి నాలుగైదు అంగుళాల్లో గట్టు ఉండాలి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది 33, 34 అంగుళాల దగ్గర పడుతుంది. పొయ్యే మరో నాలుగైదంగుళాలు లేస్తుంది కనుక గట్టు ఇంకా ఎత్తు చేయిస్తే పెద్ద గిన్నెలో అన్నం కలపడానికి భుజాలెత్తాల్సి వస్తుంది.

గట్టులోకి దింపే పొయ్యి (హాబ్) కోసం ఉన్న రాయిని ఇంట్లోనే కోయించబోతున్నారా? కోత నాలుగు మూలలా ముందు గుండ్రటి రంధ్రాలు వేసి, ఆ తర్వాతే గీత కోయాలి. చదరంగా కోసిన మూల నుంచే పగులు మొదలవుతుంది. మమ్మల్నడిగితే, పైన పెట్టుకునే పొయ్యే మేలు. ఎత్తి కింద తుడవొచ్చు, చెడితే చంకన పెట్టుకుని రిపేరుకి తీసుకెళ్లొచ్చు.

చిమ్నీ దగ్గర అంకెల మాయ ఎక్కువ. 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తున్న వంటగదిలో గాలి సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకి పదిహేనుసార్లు గాలి మారాలన్నా గంటకి 350 ఘనపు మీటర్లు లాగితే చాలు. డబ్బా మీద 1200 అని ఉన్నా పైపు పొడవు, వంపులు కలిశాక అందులో కొంతే చేతికొస్తుంది. కాబట్టి 1400, 1500 కోసం అదనంగా కట్టడం కంటే ఆరంగుళాల పైపుని తిన్నగా, ఒక్క వంపుతో బయటికి తీయించడం మీద శ్రద్ధ పెట్టండి. ఆరంగుళాల నోటికి నాలుగంగుళాల పైపు తగిలించే ఫిట్టర్‌ని అక్కడే ఆపండి. మోత పెరుగుతుంది, పొగ తగ్గదు. పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉంటే తలకి తగలదు, పొగ పక్కకి పోదు.

కరెంటు పని టైల్స్‌కి ముందే అవ్వాలి. మిక్సీ, గ్రైండర్, ఓవెన్, ఇండక్షన్, వాటర్ ప్యూరిఫయర్ దేనికది విడి పాయింటు. 16 ఆంప్స్ వాటికి 4 చదరపు మి.మీ. రాగి తీగ వేయిస్తే నిశ్చింత. టైల్స్ సందులు పొయ్యి వెనక గోడ వరకైనా ఎపాక్సీ గ్రౌట్‌తో నింపించండి. సిమెంట్ గ్రౌట్ పసుపు రంగుకి తిరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఎవరికి ఏది

గళ్లున్న పాత ఇల్లయితే మూడో దారికే మా ఓటు, పదికి ఎనిమిదిన్నర. ఒకటిన్నర తగ్గించింది పక్కపలకల వల్ల పోయే జాగాకీ, బండ మీద ఓపిగ్గా పనిచేసే మనిషి దొరకడం కష్టమైనందుకూ. బండలు పొరలుగా ఊడుతున్నా, వేలితో తోస్తే కదులుతున్నా ఈ దారి మరిచిపోండి. గట్టు కింద ఏమీ లేని కొత్త ఫ్లాట్ అయితే మెరైన్ ప్లై పెట్టెలే, సింకు కింద మాత్రం ప్లై లేకుండా. అద్దె ఇంటికి వీటిలో ఏదీ వద్దు. నిలువు స్టీల్ ర్యాకులు, చక్రాల స్టాండు చాలు, ఇల్లు మారితే వెంట వస్తాయి.

పని అయ్యాక చివరి వాయిదా పదిశాతమైనా చేతిలో ఉంచుకుని మూడు పరీక్షలు చేయండి. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి, కింద ట్రాప్ చుట్టూ పొడిగుడ్డ తిప్పండి. కింది సొరుగులో నిజంగా పెట్టబోయే సామాను అంతా వేసి, పూర్తిగా బయటికి లాగి, ముందు అంచు ఎంత దిగిందో చూడండి. తలుపులన్నీ తెరిచి మూసి సందులు చూడండి. నెల వాడాక తలుపులు కొద్దిగా దిగడం మామూలే, దానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. హింజ్ మీద ముందున్న స్క్రూ తలుపుని కుడి ఎడమలకి జరుపుతుంది, వెనకది ముందుకీ వెనక్కీ. పైకీ కిందకీ జరపాలంటే పెట్టెకి బిగించిన ప్లేటు స్క్రూలు కాస్త వదులు చేసి తలుపు ఎత్తి పట్టుకుని బిగించాలి. స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి ఉంటే చాలు. డ్రిల్ మెషీన్‌తో మాత్రం బిగించకండి, ఆ వేగానికి ప్లైలో పట్టు తెగిపోతుంది.